కుర్చీ అందరిదీ... పాస్‌వర్డ్ మాత్రం మీదే!

"టైమెంతయింది మేడం?"

సాయంత్రం నాలుగు దాటిందంటే చాలు, కంప్యూటర్ ల్యాబ్‌లో అమ్మాయిలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. వాళ్ల దిగులు గడియారం గురించి కాదు, బస్సు గురించి! సగం టైపు చేసిన పేజీ ఇంకా తెరమీదే ఉంటుంది. బ్యాగు భుజానికెక్కుతుంది. చెయ్యి మౌసు మీద, చూపు కిటికీలోంచి రోడ్డు మీద. అదిగో, ఆ తొందరలోనే చిన్న పొరపాటు జరిగిపోతుంది. ఆ చిన్న పొరపాటే ఒక్కోసారి చదువుకు ఎసరు పెడుతుంది.

మా బంధువుల అమ్మాయి విషయంలో జరిగింది అదే. పేరెందుకులెండి. ఊరు పాలమూరు వైపు. అప్పుడు ఎమ్మెస్సీ రెండో ఏడాది. ఎక్కడ చదివిందన్నది కూడా వదిలేద్దాం. కంప్యూటర్లు తక్కువగా, విద్యార్థులు ఎక్కువగా ఉండే ఏ డిపార్ట్‌మెంట్‌లోనైనా ఇలాంటిది జరగొచ్చు.

మానిటర్ మీట నొక్కి...

ఆ పిల్లకు ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోనుంది గానీ, ప్రాజెక్టు రిపోర్టు ఫోనులో అయ్యే పని కాదాయె! పట్టికలు, గ్రాఫులు, పేజీలకు పేజీల టైపింగు... అన్నీ ల్యాబ్‌లోనే. మెయిల్ చూసుకోవాలన్నా అక్కడే. ఆ ల్యాబ్‌లో అందరికీ కలిపి ఒకటే లాగిన్. దాని పాస్‌వర్డ్ కాగితం మీద రాసి గోడకు అంటించి ఉండేదట!

ఆ రోజు నాలుగున్నర దాటింది. గైడ్ సారుకు ఒక చాప్టరు మెయిల్ చేసింది. బస్సు వచ్చే వేళయింది. చటుక్కున మానిటర్ మీట నొక్కింది. తెర నల్లబడింది. సిస్టం ఆగిపోయిందనుకుని పరుగెత్తింది.

కాసేపటికి ఆ కుర్చీలో ఒక కుర్రాడు కూర్చున్నాడు. మీట నొక్కగానే తెర వెలిగింది. ఎదురుగా ఆమె మెయిల్ బార్లా తెరిచి ఉంది! సరదా అనుకున్నాడో, మరేమనుకున్నాడో... "మీరు చెప్పిన మార్పులు నేను చెయ్యను సార్. నా ఇష్టమొచ్చినట్టే రాస్తాను" అని ఆమె పేరు మీద గైడ్‌కు ఒక మెయిల్ కొట్టాడు.

మర్నాడు సారు ఆమె ముఖం చూడలేదు. "నీ ఇష్టమొచ్చినట్టే రాసుకో పో" అన్నారు. ఎందుకలా అన్నారో ఈ పిల్లకు అంతుబట్టలేదు. సంగతి తెలిసేసరికి క్లాసంతా పాకిపోయింది. దానికి తోడు, పెళ్లి సంబంధం కోసం మేనమామకు పంపిన ఫొటో కూడా ఆ మెయిల్‌లోనే ఉంది. దాన్ని ఎవరెవరు చూశారో! సిగ్గుతో, భయంతో కాలేజీకి వెళ్లడం మానేసింది. ఇక ఇంట్లో దాచడం కుదరలేదు.

"చదివింది చాలు బిడ్డా. ఇజ్జత్ పోయినంక డిగ్రీలెందుకు? ఇంటికాడనే ఉండు" అన్నాడు తండ్రి.

బడి ముఖం చూడని తల్లి మాత్రం అంతా విని, "గంతేనా? నువ్వు తలుపు దగ్గరికేసి గొళ్లెం పెట్టకుంట వొచ్చినవ్. ఎవడో లోపలికి జొరబడ్డడు. తప్పు జొరబడ్డోనిది. గొళ్లెం పెట్టుడు నువ్వు నేర్చుకో. దానికి చదువెందుకు బంద్ జెయ్యాలె?" అంది.

ఎంత మంచి మాట! ఎవరిది తప్పో, ఎవరికి ఏ జాగ్రత్త కావాలో రెండూ విడదీసి చెప్పింది.

జీరో టికెట్ సాక్ష్యం!

తల్లి ఇచ్చిన ధైర్యంతో హెచ్‌ఓడీ మేడం దగ్గరికి వెళ్లింది. "ఆ మెయిల్ నేను పంపలేదు మేడం" అంటే సరిపోదు కదా! వెళ్లింది ఆమె పేరుతోనే. దాని మీద టైము 5.10 అని ఉంది. ఆ టైముకు తాను బస్సులో ఉన్నానంది. మరి రుజువు?

బ్యాగు జిప్పులో మడతపడి దొరికింది... జీరో టికెట్! 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోవడం లేదు గానీ, టికెట్ మాత్రం కొట్టి ఇస్తున్నారు. వెల సున్నా రూపాయలే అయినా తేదీ, టైము ఉంటాయి. ఈ టికెట్ మీద 4.52 అని ఉంది.

"బస్సులోంచి ఫోనులో పంపి ఉండొచ్చుగా?" అన్న అనుమానం వచ్చింది. మెయిల్ ఖాతాను చివరి కొన్నిసార్లు ఎప్పుడు, ఏ నెట్‌వర్క్ నుంచి తెరిచారో అందులోనే ఒక చిట్టా ఉంటుంది. ల్యాబ్ చూసుకునే ఉద్యోగి ఆమెనే పక్కన కూర్చోబెట్టుకుని అది తెరిపించాడు. ఆ నాలుగు రోజులూ ఆమె మెయిల్ ముట్టుకోలేదు కాబట్టి చిట్టా చెదరలేదు. ఆ సాయంత్రం వాడింది క్యాంపస్ నెట్‌వర్క్ నుంచే అని తేలింది. విషయం ఇక్కడిదాకా వచ్చాక ఆ కుర్రాడే వచ్చి ఒప్పుకున్నాడు. "నేనే నిన్ను పిలిచి ఒక్కమాట అడగాల్సింది" అన్నారట గైడ్ సారు.

ఆమె ప్రాజెక్టు పూర్తయింది. పరీక్షా అయింది. కానీ అన్ని కథలూ ఇలా ముగుస్తాయా? ఆ టికెట్ బస్సు దిగగానే పారేసి ఉంటే? తల్లి ఆ మాట అనకపోయి ఉంటే?

పాస్‌వర్డ్ ఎలా పుట్టింది?

"అసలీ పాస్‌వర్డుల గోల ఎవరు పెట్టారమ్మా?" అని విసుక్కోని వాళ్లుండరు. చిత్రమేమిటంటే, కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టడం మొదలైంది కూడా ఒక యూనివర్సిటీలోనే, అదీ ఒక్క యంత్రాన్ని పదిమంది పంచుకోవడానికే!

1960ల మొదట్లో కంప్యూటరంటే గదంతా ఆక్రమించే యంత్రం. మనిషికొకటి కొనడం కలలో మాట. అప్పుడు అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బాటో బృందం ఒక ఉపాయం చేసింది. ఒకరి పని రెప్పపాటు చేసి, మరొకరి పని రెప్పపాటు చేసి, మళ్లీ మొదటివారి దగ్గరికి రావడం. మన వేళ్ల వేగం కన్నా యంత్రం వేగం ఎన్నో రెట్లు ఎక్కువ కదా! ఒకే పొయ్యి మీద నలుగురు తోడికోడళ్లు వండుకుంటున్నా, ఎవరికి వారికి పొయ్యి తమదే అనిపించినట్టన్నమాట. 1961లో ఈ పద్ధతి చేసి చూపించారు. పొయ్యి ఉమ్మడిదైనా ఎవరి డబ్బాలు వారికి ఉండాలిగా? ఎవరి ఫైళ్లు వారికే దక్కాలని పాస్‌వర్డ్ పెట్టారు.

పెట్టాక ఏం జరిగిందో తెలుసా? అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి 4 గంటల టైమే ఇచ్చారు. పని సాగలేదు. 1962లో ఆయన అందరి పాస్‌వర్డులూ ఉన్న ఫైలును ఉపాయంగా ప్రింటు తీయించుకుని, పక్కవాళ్ల టైము కూడా వాడుకున్నాడు! చాలా ఏళ్ల తర్వాత తనే ఆ సంగతి బయటపెట్టాడు. 1966లో ఇంకో తమాషా. లాగిన్ కాగానే కనిపించే ఆ రోజు ప్రకటనకు బదులు, పొరపాటున అందరి పాస్‌వర్డులూ తెరమీదికి వచ్చేశాయి!

టైము చాలకపోవడం, పక్కవారి పేరుతో పని చేసుకోవడం... ఇవి మన ల్యాబుల్లో కొత్తగా పుట్టిన జబ్బులు కావు. చికిత్స కూడా అప్పటినుంచీ ఒకటే. ఎవరి లాగిన్ వారికి ఉండాలి, అవసరమైనంత టైమూ దొరకాలి.

మన దాకా వచ్చేసరికి

మన దేశంలో 1963లో ఐఐటీ కాన్పూర్‌కు ఐబీఎం 1620 యంత్రం వచ్చింది. మన హైదరాబాదులోనే ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారు చేసింది. విద్యాసంస్థల కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడానికి 1986లో ఎర్నెట్ మొదలైంది. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను మామూలు జనానికి అందించింది.

మరి నల్లగొండ, పాలమూరు ఆడపిల్లల మాటేమిటి? సొంత యూనివర్సిటీలు వచ్చేదాకా ఇక్కడి పిల్లలకు పీజీ అంటే ఉస్మానియా, లేదంటే దాని పీజీ సెంటర్లు. 2007లో నల్లగొండకు యూనివర్సిటీ వచ్చింది. అదే ఇప్పటి మహాత్మాగాంధీ యూనివర్సిటీ. 2008లో మహబూబ్‌నగర్‌కు పాలమూరు యూనివర్సిటీ వచ్చింది. హాస్టల్లో ఉంచే స్తోమత, ధైర్యం లేని ఇళ్ల నుంచి కూడా ఆడపిల్లలు పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేలా పీజీ చదివే వీలు కలిగింది.

ఇది చిన్న మార్పేం కాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు సగం కన్నా తక్కువ. అంటే, వేలిముద్ర వేసే తల్లుల కూతుళ్లు లాగిన్ అయి పరిశోధన పత్రాలు చదువుతున్న కాలమిది!

ఇప్పుడు ల్యాబ్ అంటే టైపు చేసుకునే చోటు మాత్రమే కాదు, లైబ్రరీ కూడా. 2009 నుంచి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ పరిశోధన గ్రంథాలను కంప్యూటర్ ప్రతిగా కూడా ఇవ్వాలి. అవి శోధ్‌గంగలో అందరూ చదువుకునేలా ఉంటాయి. కేంద్రం తెచ్చిన 'ఒకే దేశం - ఒకే చందా' పథకం 2025 జనవరి 1న మొదలైంది. వేలాది ఖరీదైన పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థల వారు ఆ సంస్థల ద్వారా చదువుకునే వీలు దీంతో కలిగింది. ఇంట్లో కంప్యూటర్ లేని అమ్మాయికి వీటన్నిటికీ దారి ఆ డిపార్ట్‌మెంట్ కుర్చీయే. ఆ కుర్చీలో భయం లేకుండా కూర్చోగలగాలి కదా మరి!

తెర నల్లబడితే చాలదు

మనకు కనిపించే తెర వేరు, పని చేసే పెట్టె వేరు. మానిటర్ మీట నొక్కితే తెర మాత్రమే ఆరిపోతుంది. టీవీ మీద దుప్పటి కప్పితే కార్యక్రమం ఆగుతుందా? ఇదీ అంతే. లోపల మీ మెయిల్, మీ ఫైళ్లు మీరు వదిలినట్టే తెరిచి ఉంటాయి.

చాలా డిపార్ట్‌మెంట్లలో కంప్యూటర్లన్నీ ఒక తీగతో నెట్‌వర్క్‌కు కలిపి ఉంటాయి. వెనకాల సర్వర్ అనే పెద్ద యంత్రం ఉంటుంది. మీకు విడిగా లాగిన్ ఇచ్చి, మీ ఫైళ్లకు సర్వర్‌లో చోటిస్తే, మీరు ఏ కుర్చీలో కూర్చున్నా మీ ఫైళ్లు మీ ముందుకు వస్తాయి. బ్యాంకు లాకర్‌లాగా. అదే అందరికీ ఒకటే లాగిన్ అనుకోండి... మీ 'ప్రాజెక్టు' అనే ఫైలు ఉన్నచోటే ఇంకో అమ్మాయి కూడా 'ప్రాజెక్టు' అని పేరుపెట్టి సేవ్ చేస్తుంది. కంప్యూటర్ అడిగే ప్రశ్న చదవకుండా 'ఎస్' నొక్కేస్తుంది. మీది పోయి ఆమెది మిగులుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు, మీ నెల రోజుల కష్టం మాత్రం ఉండదు!

ప్రింటరూ అంతే. మీరు నొక్కిన ప్రింటు వరుసలో నిలబడుతుంది, బోరింగు దగ్గర బిందెల్లాగా. ముందు ఎవరి కాగితమో ఇరుక్కుని రాలేదనుకోండి, కంగారులో పదిసార్లు నొక్కుతాం. ఇరుక్కున్నది తీయగానే పది కాపీలూ వరసపెట్టి వస్తాయి. వెనక ఉన్నవాళ్లు మన వైపు గుడ్లురిమి చూస్తారు!

బస్సు టైమే ల్యాబ్ టైము

జాగ్రత్తలన్నీ అమ్మాయిలకే చెబితే ఎలా? డిపార్ట్‌మెంట్లు చేయాల్సినవీ ఉన్నాయి. మా అమ్మాయి గొడవ జరిగాక ఆ హెచ్‌ఓడీ మేడం చేసిన పనులు చూడండి. గోడమీది కాగితం చింపేయించారు. ఒక్కొక్కరికీ విడిగా లాగిన్ ఇప్పించారు. ఎవరు ఏ సిస్టం మీద ఎప్పటినుంచి ఎప్పటిదాకా కూర్చున్నారో రాసే రిజిస్టరు పెట్టారు.

అన్నిటికన్నా నచ్చిన పని ఇంకోటి. ఊరి బస్సులు పట్టుకోవాల్సిన వాళ్లకు పొద్దున టైము, హాస్టల్ వాళ్లకు, టౌన్ వాళ్లకు సాయంత్రం టైము. ఖర్చు? ఒక రిజిస్టరు, ఒక పెన్ను! అంతకుముందు 'ముందొచ్చిన వాళ్లకు ముందు' అనేవారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మధ్యాహ్నం క్లాసులయ్యాక సిస్టం ఖాళీ అయ్యేసరికి నాలుగవుతుంది. హాస్టల్ పిల్లలకు అప్పుడు పని మొదలు, ఊరి పిల్లకు అప్పుడు బస్సు! ఉచిత ప్రయాణం వచ్చి చార్జీల బాధ తీరింది గానీ, చివరి బస్సు ఎన్నింటికన్న బాధ తీరలేదు కదా.

మీ డిపార్ట్‌మెంట్‌లో ఇలాంటి ఏర్పాటు లేదా? నలుగురు అమ్మాయిలు కలిసి ఒక కాగితం మీద రాసి అడగండి. మొహమాటపడాల్సిన పనేం లేదు.

లేచే ముందు... ఒక్క నిమిషం

* బస్సుకు పదిహేను నిమిషాల ముందే ఫోనులో అలారం పెట్టుకోండి. అలారం మోగాక కొత్త పని మొదలుపెట్టొద్దు.

* మెయిల్‌లోంచి లాగవుట్, ఆ తర్వాత కంప్యూటర్‌లోంచి లాగవుట్. రెండూ చేయండి. టీ తాగడానికి వెళ్తే లాక్ చేయడం సరే గానీ, ఇంటికి వెళ్తూ లాక్ చేస్తే తర్వాతి అమ్మాయికి సిస్టం దక్కదు.

* మెయిల్‌ను బ్రౌజర్‌లోని ప్రైవేట్ విండోలో తెరవండి. అలాంటి కిటికీలన్నీ మూసేస్తే మీ లాగిన్ మిగలదు. 'పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటారా?' అని కంప్యూటర్ అడిగితే వద్దనే చెప్పండి.

* హాల్‌టికెట్, ఆధార్, మార్కుల మెమో డౌన్‌లోడ్ చేశారా? పనయ్యాక డౌన్‌లోడ్స్‌లోంచి తీసేయండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

* కరెంటును నమ్మొద్దు! పేరా పూర్తయినప్పుడల్లా కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కండి. ఫైలు పేరులో మీ పేరు, తేదీ ఉండనివ్వండి. ఒక కాపీ మీ మెయిల్‌కు పంపుకోండి.

* పెన్‌డ్రైవ్ అందరి సిస్టముల్లో పెడితే వైరస్ అంటుకోవచ్చు. పెట్టగానే స్కాన్ చేయండి. ఉన్న ఒక్క కాపీ అందులోనే దాచొద్దు.

* ప్రాణస్నేహితురాలికైనా పాస్‌వర్డ్ చెప్పొద్దు. ఆమె మీద అపనమ్మకం కాదు. ఆమె మరిచిపోయి తెరిచి వదిలేసినా మాట పడేది మీరే.

* బస్సెక్కాక 'అయ్యో, లాగవుట్ చేయలేదే!' అని గుర్తొచ్చిందా? ఫోనులో మీ ఖాతా సెక్యూరిటీ విభాగానికి వెళ్తే, ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూపిస్తుంది. అక్కడి నుంచే ల్యాబ్ కంప్యూటర్‌లో ఉన్నదాన్ని మూసేయొచ్చు. పాస్‌వర్డ్ కూడా వెంటనే మార్చేయండి.

ఎవరైనా మీ ఖాతాలో దూరితే...

ముందు ఏడుపు ఆపి ఆధారాలు దాచుకోండి. ఆ మెయిల్‌ను చెరిపేయొద్దు. తేదీ, టైము కనిపించేలా తెరను ఫొటో తీయండి. తర్వాత హెచ్‌ఓడీకి రాతపూర్వకంగా ఇవ్వండి. అసభ్యంగా రాసినా, ఫొటోలతో వేధించినా కాలేజీలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీకి వెళ్లొచ్చు. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ ఆ కమిటీ ఉండాలి. అందులో అధ్యక్షురాలు మహిళే.

చట్టం కూడా మీ వైపే ఉంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సి సెక్షన్ ప్రకారం దురుద్దేశంతో ఇంకొకరి పాస్‌వర్డ్ వాడుకుంటే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పోలీసుల షీ టీమ్స్‌కు చెప్పొచ్చు. కేంద్రం సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు.

అమ్మలకూ నాన్నలకూ ఒక మాట. అమ్మాయి ఇలాంటి కబురుతో ఇంటికొస్తే 'చదువు మానెయ్' అన్నది మొదటి మాట కాకూడదు. ఆ మాటకు భయపడే చాలామంది పిల్లలు లోలోపలే కుమిలిపోతారు, ఎవరికీ చెప్పరు. చెప్పకపోతే తప్పు చేసినవాడు హాయిగా తిరుగుతాడు, తప్పు చేయని పిల్ల ఇంట్లో కూర్చుంటుంది.

ఇప్పుడా అమ్మాయి ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోంది. కొత్త బ్యాచ్‌ను మొదటిసారి ల్యాబ్‌కు తీసుకెళ్లిన రోజు, కంప్యూటర్ ఆన్ చేయడం కన్నా ముందు లాగవుట్ చేయడమే చూపిస్తుందట. "గొళ్లెం పెట్టిన్రా అమ్మాయిలూ?" అని అడిగి గానీ ఎవరినీ బస్సుకు పంపదట!

మీరూ పెట్టారా మరి?